ఆమె వేళ ఎవరి చేతిలో?

1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ల గురించి చెప్పిన ముఖ్యమైన మాటలు ఇవి. భూమికి దిగువన గనిలో ఏ భాగంలోనూ స్త్రీని పనిలో పెట్టుకోకూడదు. భూమి పైన పెట్టుకోవచ్చు గానీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపలే. కావాలంటే కేంద్రం ఈ వేళలు మార్చుకోవచ్చు, అయినా రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా మాత్రం కుదరదు.

దీని పక్కన మరో నియమావళిని పెట్టి చూడండి. ఇది ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. 1933లో కమలా భాగవత్, పెళ్లయ్యాక కమలా సోహోనీ, బొంబాయి విశ్వవిద్యాలయంలో బీఎస్సీ ముగించుకుని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చారు. డైరెక్టర్ సి.వి.రామన్ సీటు ఇవ్వనన్నారు. ఆమె కదల్లేదు. చివరకు షరతులతో చేర్చుకున్నారు. ఆమె జీవితకథల్లో ఆ షరతులు ఇలా కనిపిస్తాయి: మొదటి ఏడాది రెగ్యులర్ విద్యార్థిని కింద లెక్క రాదు, గైడు చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పని చేయాలి, ఆమె ఉన్నందువల్ల ల్యాబు వాతావరణం చెడకూడదు.

ఒకచోట రాత్రి పని వద్దన్నారు. ఇంకోచోట చెప్పినప్పుడల్లా రాత్రి పని చేయాల్సిందే అన్నారు. పైకి ఇవి ఒకదానికొకటి ఎదురు. నాకు మాత్రం ఒకే చేతిరాతలా కనిపిస్తాయి. ఏ వేళకు పని చేయాలో తేల్చే హక్కు రెండుచోట్లా పనిచేసే మనిషికి లేదు. విజ్ఞాన పరిశోధనలో స్త్రీల వాటా గురించి మాట్లాడేటప్పుడు మనం ఎందరు చేరారు, ఎందరు మిగిలారు అని తలలు లెక్కపెడుతుంటాం. గడియారం ఎవరి దగ్గరుందన్నది కూడా అడగాలి. కోలారు బంగారు గనులు (కేజీఎఫ్), అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు ల్యాబులు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ ప్రశ్న దానంతటదే లేస్తుంది.

కోలారును ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. గని, విశ్వవిద్యాలయం ఒకే సొరంగంలో కలిసిన అరుదైన చోటు అది. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూఆన్లు రాతిలోకి చాలా లోతుగా చొచ్చుకుపోతాయి, కానీ దిగేకొద్దీ పలచబడతాయి. ఎంత లోతులో ఎంత పలచబడతాయో కొలవడానికి బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బి.వి.శ్రీకంఠన్ 1950ల మొదట్లోనే పరికరాలను కేజీఎఫ్ షాఫ్టుల్లోకి దించారు. ఓ పదేళ్లకు మియాకె, నరసింహం, రమణమూర్తి ఇంకా కిందికి వెళ్లారు. దాదాపు 2.7 కిలోమీటర్ల లోతులో వాళ్లు పెట్టిన పరికరం రెండు నెలలపాటు ఒక్క మ్యూఆన్‌ను కూడా చూపించలేదు. ఇంకొకరైతే ప్రయోగం దండగైందని మూటాముల్లె సర్దుకునేవాళ్లే. వీళ్లు ఆ సున్నాను అవకాశంగా తీసుకున్నారు. పైనుంచి వచ్చే రొద అంతగా అణిగిపోయిన చోట, భూమిని సైతం దాటిపోయే న్యూట్రినోల జాడ పట్టుకోవచ్చు కదా!

ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం కలిసి ఆ పని చేశాయి. 1965 ఆగస్టు 15 నాటి 'ఫిజిక్స్ లెటర్స్'లో వాళ్ల పత్రం వచ్చింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇదే వేటలో ఉన్న ఫ్రెడరిక్ రైనెస్ బృందం పత్రం రెండు వారాల తర్వాత మరో పత్రికలో వచ్చింది. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను మనిషి కనిపెట్టడం అదే మొదలు.

ఇలాంటి ప్రయోగానికి కావలసింది ఓపిక. నెలల తరబడి ఎదురుచూస్తే ఒక్క సంఘటన చిక్కుతుంది. అది పగలే రావాలని లేదు. 1980లో అదే లోతులో 140 టన్నుల ఇనుప డిటెక్టరుతో ప్రోటాన్ క్షయం కోసం మొదలుపెట్టిన ప్రయోగానిదీ అదే తీరు. అయినా రెండు కిలోమీటర్ల రాతి కింద పగలేమిటి, రాత్రేమిటి? మధ్యాహ్నం పన్నెండుకూ దీపం కావాల్సిందే. చట్టం మాత్రం అక్కడ లేని సూర్యుణ్ని చూసి వేళలు రాసింది.

ఆడవాళ్ల మేలు కోసమే ఆ చట్టం పెట్టారు కదా అని అడిగేవాళ్లుంటారు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. గనుల్లో దుమ్ము, వేడి, బండలు పగిలి మీద పడడం, ఇవన్నీ నిజమే. కేజీఎఫ్‌లో ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయిన మగవాళ్ల భార్యలను అడిగితే గని అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మేలు కోసమే పెట్టిన నిషేధం అయితే అవసరం పడినప్పుడు మాయం కాకూడదు. బ్రిటిష్ ఇండియా బొగ్గు గనుల్లో ఆడవాళ్లు కిందికి దిగి పనిచేసేవాళ్లు. 1929 నిబంధనలతో వాళ్లను మెల్లమెల్లగా పైకి పంపేశారు. 1943లో యుద్ధానికి బొగ్గు చాలక మళ్లీ దిగనిచ్చారు. యుద్ధం అయిపోయింది, 1946లో మళ్లీ వద్దన్నారు. ఆ మూడేళ్లలో ఆడవాళ్ల ఒళ్లేమీ మారలేదు. మారింది బొగ్గు ధర.

బెంగళూరు సంగతికొస్తే, రామన్ మీద రాళ్లు వేయడం సులభం, అందులో రుచి కూడా ఉంటుంది. కానీ న్యాయంగా చూస్తే సోహోనీ తర్వాత ఆ సంస్థలో ఆడపిల్లలకు తలుపు తెరుచుకుంది, రామన్ దగ్గరే ఆడపిల్లలు పరిశోధన చేశారు. సోహోనీ అక్కణ్నుంచి కేంబ్రిడ్జికి వెళ్లి 1939లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. అన్నా మణి కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. 1940 నుంచి ఐదేళ్లపాటు ఆమె రామన్ ల్యాబులో వజ్రాల మీద, కెంపుల మీద కాంతి పరీక్షలు చేశారు. వజ్రం వర్ణపటాన్ని ఫోటో పలక మీద పట్టాలంటే పదిహేను ఇరవై గంటలు పలకను అలాగే ఉంచాలి. మధ్యలో లేచి ఇంటికి పోయే పని కాదది, ల్యాబులోనే ఓ కునుకు తీయాలి. ఆ రాత్రులు ఆమెకు దొరికాయి. ఆడా మగా కలిసి మాట్లాడుకోవడం గురువుగారికి గిట్టదు కాబట్టి, ఆ రాత్రుల్లో పక్కన కూర్చుని చర్చించే సావాసం మాత్రం దొరకలేదు. రామన్ ల్యాబులోని స్త్రీల గురించి ఆభా సుర్ రాసిన పుస్తకం ఈ విషయాన్ని కులంతో కలిపి చర్చిస్తుంది. ఒంటరిగా చేసిన ప్రయోగాలతోనే అన్నా మణి సొంత పేరు మీద ఐదు పత్రాలు అచ్చు వేయించారు. 1945లో సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న వంకతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ పట్టా ఇవ్వలేదు. వాతావరణ శాస్త్రంలో ఆమె ఆ తర్వాత ఎంత ఎత్తుకు ఎదిగినా పేరు ముందు ఆ రెండక్షరాలు రాలేదు.

బిభా చౌధురిది గని, ల్యాబు, ఈ రెండు గుమ్మాలనూ తాకిన జీవితం. 1913లో కలకత్తాలో పుట్టారు. 1936లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఒకే ఒక్క స్త్రీ. డి.ఎం.బోసుతో కలిసి ఫోటో పలకలను డార్జిలింగ్ ఎత్తుల్లో ఉంచి, కాస్మిక్ కిరణాలు వాటి మీద గీసిన గీతల్ని చదివి, మీసాన్ ద్రవ్యరాశి లెక్కగట్టి 'నేచర్' పత్రికలో వరసగా ప్రచురించారు. యుద్ధకాలంలో మంచి పలకలు దొరక్క ఆ పని అక్కడే ఆగింది. మేలైన పలకలతో అదే దారిలో నడిచిన బ్రిస్టల్‌లోని సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. మాంచెస్టర్‌లో పాట్రిక్ బ్లాకెట్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన బిభాను 1949లో హోమీ భాభా టాటా ఇన్‌స్టిట్యూట్‌కు పిలిచారు. తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి మారారు. అక్కడున్నప్పుడే కోలారు ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు.

సోహోనీని, బిభాను పక్కపక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది. సోహోనీకి గుమ్మం దగ్గరే అడ్డు తగిలింది. అడ్డు కంటికి కనబడుతోంది కాబట్టి దాని ముందు కూర్చుని పోరాడగలిగారు. బిభాను పిలిచి మరీ లోపలికి తీసుకున్నారు, అడ్డేమీ కనబడలేదు. ఆమెకు తగిలిన దెబ్బ వేరే చోట. అహ్మదాబాద్ లేబొరేటరీలో విక్రమ్ సారాభాయ్ ఉన్నప్పుడు ఆయనతో మాట్లాడుకుని వేసుకున్న ఓ పరిశోధన పథకం ఆయన 1971లో హఠాత్తుగా పోయాక ఆగిపోయింది. ఆమె స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకుని కలకత్తా వెళ్లిపోయారు. అక్కడ 1991లో చనిపోయేదాకా పని చేస్తూనే ఉన్నారు. జాతీయ విజ్ఞాన అకాడమీలు ఏవీ ఆమెను ఫెలోగా ఎన్నుకోలేదు. రాజీందర్ సింగ్, సుప్రకాశ్ రాయ్ ఆమె జీవితచరిత్ర రాసింది 2018లో. ఆ మరుసటి ఏడాది ఓ నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు.

1965 నాటి ఆ కోలారు పత్రం మీద పదకొండు పేర్లున్నాయి, బిభా పేరు లేదు. ఇక్కడ కలం కాస్త ఆపాలి. ఆమె పేరు కొట్టేశారు, నోబెల్ ఎత్తుకుపోయారు అని రాయడం ఈమధ్య రివాజైంది. కోలారులో ఏళ్ల తరబడి ఎన్నో ప్రయోగాలు జరిగాయి, ఎన్నో బృందాలు పనిచేశాయి. ఒక పత్రంలో పేరు లేనంత మాత్రాన దొంగతనం జరిగినట్టు కాదు. నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. న్యూట్రినో కథ చెప్పినప్పుడల్లా లోతు చెబుతారు, తేదీ చెబుతారు, పోటీలో రెండు వారాల ఆధిక్యం చెబుతారు. బిభా కథ చెప్పినప్పుడు ఆమె ఏం పోగొట్టుకున్నారో చెబుతారు. ఒకటి పరిశోధన చరిత్రైంది, రెండోది అన్యాయాల చిట్టా అయింది. ఆమె చేసిన లెక్కలు, ఆమె చదివిన గీతలు రెండింట్లోనూ మరుగున పడ్డాయి. ఓ శాస్త్రవేత్తకు ఇంతకంటే పెద్ద అవమానం ఏముంటుంది?

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆ షాఫ్టు తవ్వినవాళ్లు, కేజు నడిపినవాళ్లు, ఆ లోతుకు పరికరాలు మోసినవాళ్లు ఎక్కువగా తమిళ, తెలుగు దళిత కుటుంబాలవాళ్లు. వాళ్ల చరిత్ర కావాలంటే భౌతికశాస్త్ర పత్రికల్లో దొరకదు, జానకీ నాయర్ రాసిన కార్మిక చరిత్ర తిరగేయాలి. బ్రిస్టల్‌లో పావెల్ దగ్గర సూక్ష్మదర్శినిలో పలకలు చదివిన ఆడవాళ్ల పేర్లు కనీసం ఫోటోల కిందైనా పరిశీలకులుగా అచ్చయ్యాయి. మారియెట్టా కుర్జ్ పేరు మనకు తెలిసింది అలాగే.

1965 అనేసరికి అమెరికా గుర్తొస్తుంది. పాలొమార్ వేధశాల దరఖాస్తు ఫారం మీద, వసతులు పరిమితం కాబట్టి స్త్రీల దరఖాస్తులు తీసుకోలేమని అచ్చు వేసి ఉండేది. ఆ ఏడాదే ఖగోళ శాస్త్రజ్ఞురాలు వేరా రూబిన్‌కు అధికారికంగా అనుమతి దొరికింది. వసతులంటే ఏమిటయ్యా అంటే, ఒకే ఒక్క మరుగుదొడ్డి. దాని తలుపు మీదున్న మగబొమ్మకు ఆమె కాగితపు గౌను కత్తిరించి అంటించారని చెబుతారు. ఖగోళ శాస్త్రజ్ఞులకు రాత్రే పని వేళ, కాబట్టి అక్కడ రాత్రి వద్దనే వీలు లేదు. అందుకని మరుగుదొడ్డిని అడ్డం పెట్టారు. కారణాలు ఊరూరికీ మారతాయి.

గని చట్టం గనిలోనే ఉండిపోయి ఉంటే విశ్వవిద్యాలయాలకు దానితో పని లేదు. అది బయటికి పాకింది. ఆడవాళ్లను కిందికి దిగనివ్వరు కదా, మరి మైనింగ్ ఇంజనీరింగ్ సీటు వాళ్లకెందుకు అని కాలేజీలు లెక్కగట్టాయి. 1990లలో చంద్రాణీ ప్రసాద్ వర్మ ఆ సీటు కోసం నాగపూర్‌లో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. గెలిచి చదివారు, దేశంలో తొలి మహిళా మైనింగ్ ఇంజనీరన్న పేరు తెచ్చుకున్నారు, పరిశోధనా రంగంలోనే స్థిరపడ్డారు. రాతిలో ఒత్తిళ్లు ఎలా పెరుగుతాయి, బండలు ఎందుకు పేలతాయి అన్నది కేజీఎఫ్‌కు ప్రాణసంకటమైన శాస్త్రం. అందుకే 1988లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ అక్కడే పుట్టింది. కిందికి దిగే దారి మూసేసి ఆ శాస్త్రంలో ఆడవాళ్లు ఎందుకు తక్కువని అడిగితే ఏం చెప్పాలి?

2019 జనవరిలో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనులకు స్త్రీలు భూగర్భ గనుల్లోకి దిగొచ్చు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకు. లిఖితపూర్వక సమ్మతి ఉండాలి. షిఫ్టుకు ముగ్గురికి తగ్గకూడదు. ఓపెన్‌కాస్ట్ గనుల్లోనైతే ఇదే పద్ధతిలో రాత్రి షిఫ్టు కూడా చేయొచ్చు. అంటే 1952లో మూసిన తలుపు అరవై ఏడేళ్ల తర్వాత తెరిచారు, భూగర్భంలో గడియారం మాత్రం పాతదే ఉంచారు. అయినా దీన్ని చిన్న మార్పు అనలేం. తర్వాత ఒకటి రెండేళ్లలోనే తెలంగాణకు చెందిన సంధ్య రసకట్ల హిందుస్థాన్ జింక్‌లో భూగర్భ గని మేనేజరయ్యారు. సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో ల్యాబు పెట్టారు. అక్కడ కృష్ణపదార్థం కోసం వెతుకుతున్న ప్రయోగాన్ని ముందుండి నడిపిస్తున్నవారిలో మాలా దాస్ ఒకరు.

ముగ్గురు ఉండాలన్న ఆ ఒక్క నియమం మీద నాకు రెండు మనసులు. ఒంటరి ఆడమనిషిని దించకూడదన్న జాగ్రత్త అర్థమవుతుంది. కానీ ఇద్దరే ఉన్నచోట ఆ నియమం పాత నిషేధమే. మూడో మనిషిని తీసుకోకుండా ఉంటే చాలు, ఎవరినీ దించాల్సిన పని లేదు.

2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఏ సంస్థలోనైనా, ఏ పనిలోనైనా స్త్రీలు ఉండొచ్చంది. ఆమె ఒప్పుకుంటే సాయంత్రం ఏడు దాటాకా, ఉదయం ఆరుకు ముందూ పని చేయించుకోవచ్చు, భద్రత పూచీ యజమానిది అంది. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది. ఈసారి ప్రతి పనిలోనూ గడియారం ముల్లు ఆమె మాట కోసం ఆగింది, కాగితం మీదైనా.

విశ్వవిద్యాలయాల వైపు ఈలోగా ఏం జరిగింది? జరగలేదని అనను. 2016లో యూజీసీ పీహెచ్‌డీ చేసే స్త్రీలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చింది, పరిశోధన ముగించడానికి రెండేళ్లు అదనంగా ఇచ్చింది. 2020లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ బ్రిటన్‌లోని అథీనా స్వాన్ నమూనాలో 'గతి' పేరుతో, సంస్థలు తమ తీరును తామే తరచి చూసుకునే పథకం ముప్పై సంస్థల్లో మొదలుపెట్టింది. అయినా ఆ శాఖ లెక్కల ప్రకారమే 2018లో దేశంలో నేరుగా పరిశోధనలో ఉన్నవాళ్లలో స్త్రీలు 16.6 శాతం. ఈ ఏర్పాట్లన్నీ ఏళ్ల లెక్కన ఉన్నాయి, నెలల లెక్కన ఉన్నాయి. గంటల లెక్క వీటిలో కనబడదు.

కోలారు జిల్లాలో గంటల లెక్కే అసలు లెక్క. 2001లో గనులు మూతపడ్డాక కేజీఎఫ్ ఊరు ఊరంతా బెంగళూరు రైలు మీద బతుకుతోంది. మారికుప్పంలో, ఛాంపియన్‌లో, ఊరుగాంలో ఎక్కి బంగారుపేట మీదుగా పొద్దున పోయి సాయంత్రం తిరిగి వస్తారు. సైనైడ్ దిబ్బల పక్కనుంచి వెళ్లే ఆ బండిలో కూలివాళ్లుంటారు, సెక్యూరిటీ గార్డులుంటారు, కాలేజీ పిల్లలుంటారు. టమకలోని బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసిన అమ్మాయి బెంగళూరులో పీహెచ్‌డీలో చేరిందనుకుందాం. "పొద్దు గూకేలోపల ఇంట్లో ఉండాల" అని అమ్మ చెబుతుంది. హాస్టల్లో ఉందామంటే అక్కడా గేటు వేసే వేళ ఒకటుంది. ఆ గేటు వేళల మీద ఢిల్లీలో ఆడపిల్లలు 2015లో పింజ్రా తోడ్ (పంజరం పగలగొట్టు) అంటూ రోడ్డెక్కారు. ఎన్నోచోట్ల గేటు మూసే వేళ మాత్రం ఇంకా వార్డెను చేతిలోనే ఉంది. మరోపక్క ఆమె ల్యాబులో యంత్రం మీద టైము సీనియర్లందరికీ పోను రాత్రి తొమ్మిది తర్వాతే దొరుకుతుంది. గైడు రమ్మంటాడు.

ఈ అమ్మాయిని, గనిలో షిఫ్టు చేసే ఇంజనీరును పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తిరగబడుతుంది. 1965లో గని తలుపు మూసి ఉంది, విశ్వవిద్యాలయం తలుపు తెరిచి ఉంది. ఇప్పుడు కాగితం మీద చూస్తే గనిలోని ఇంజనీరుకే ఎక్కువ ఉంది. ఆమె సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి, తోడు ఉండాలి, వసతులకూ భద్రతకూ యజమాని పూచీ పడాలి. పరిశోధక విద్యార్థిని సాధారణంగా ఎవరికీ ఉద్యోగి కాదు. ఫెలోషిప్పు తీసుకునే స్కాలరు, అంతే. యజమానే లేనప్పుడు పూచీ ఎవరిది? సమ్మతి అడిగే ఫారం ఆమె దాకా రాదు. ప్రయోగం రాత్రి పదకొండుకు ముగిసి ఆఖరి బండి వెళ్లిపోతే, గదికి పోయే ఆటో కిరాయి ఆమె స్టైపెండులోంచే పోతుంది. ఆ స్టైపెండూ నెలల తరబడి ఆలస్యంగా పడుతుంది.